వినని కబురు

"తాతారావూ, నోరు తెరిచావంటే నా మీద ఒట్టే!"

మా చెల్లెలు కనకదుర్గ గేటుకి అడ్డంగా నిలబడి అరిచింది. పట్టుచీర సగమే కట్టుకుంది. మిగతా సగం భుజం మీద కుప్పగా ఉంది. తలకి ఇంకా తువ్వాలు చుట్టే ఉంది.

ఉదయం ఆరున్నర. గేటు అవతల తాతారావు బైకు దిగకుండా కాలు నేలకి ఆనించి నిలబడ్డాడు. అవనిగడ్డలో మా పెదనాన్న పిచ్చేశ్వరరావు గారి చేపల చెరువు చూసుకునే మనిషి. అక్కణ్నుంచి మచిలీపట్నం దాకా ఎక్కడా ఆగకుండా వచ్చినట్టున్నాడు. కనుబొమల మీద కూడా దుమ్ము పేరుకుంది.

"ఒక్క మాట అమ్మాయిగారూ. భానమ్మగారు చెప్పి రమ్మన్నారు. ఎవరి ఫోనూ కలవట్లేదని..."

"కలవదు. కలవకూడదనే ఆపేశాం. నువ్వేం కబురు తెచ్చావో అది మధ్యాహ్నం మూడు దాటాక చెప్పు."

"అప్పటిదాకా ఆగేది కాదండీ. పెదబాబుగారు..."

దుర్గ రెండు చెవులూ మూసుకుంది.

"నాకు వినపడట్లేదు! నాకేమీ వినపడట్లేదు!" అని గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది, తాతారావు మాట అందులో కలిసిపోయేలా. డబ్లిన్‌లో ఇరవై మంది చేత పని చేయించే మనిషి. చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటే జారి కింద పడుతున్నాయి. ఎదురింటావిడ కళ్లాపి బకెట్ పట్టుకుని అలాగే చూస్తోంది.

నేను మేడమీద వరండాలో ఉన్నాను. తాతారావు తలెత్తి నన్ను చూశాడు.

ముప్పై ఏళ్లుగా రొయ్యల మేత అమ్ముతున్నాను. షాపు మెట్టెక్కే రైతు మొహం చూసి అతని చెరువులో రొయ్య నీటి అడుగున ఉందో, పైకి తేలిందో చెప్పగలను. అతను నోరు తెరవకముందే ఏ మందు తియ్యాలో నా చేతికి తెలుస్తుంది. తాతారావు మొహం చూశాను. ఎర్రబడ్డ కళ్లు. నిద్ర లేని మొహం. చెప్పలేకపోతున్న తొందర. లెక్క కట్టేశాను.

పెదనాన్న పోయాడు.

చెయ్యెత్తి, వద్దన్నట్టు ఊపాను.

అతను కాసేపు నన్నే చూశాడు. తర్వాత బైకు తిప్పుకున్నాడు. తిప్పుకుంటూ మా గేటు పక్కన ఉమ్మేశాడు. అది నోట్లో పడ్డ దుమ్ము వల్లో, మా వల్లో నాకు తెలీదు.

దుర్గ చెవుల మీద చేతులు తియ్యకుండానే వెనక్కి తిరిగి అడిగింది.

"వెళ్లాడా?"

*

నిన్న సాయంత్రం భానుమతి ఫోన్ చేసింది. పెదనాన్నకి ఒక్కతే కూతురు.

"డాక్టరు నాన్నని ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు అన్నయ్యా. ఇవాళో రేపో అన్నాడు."

రేపంటే ఈ రోజు. ఈ రోజు పదీ నలభైకి గుడివాడలో దుర్గ కూతురు అక్షితకి ఓణీల ఫంక్షన్. నేను మేనమామని. ఓణీ నా చేతుల మీదుగా ఇవ్వాలి. పెదనాన్న పోతే పెద్దకర్మ అయ్యేదాకా నాకు మైల. శుభకార్యంలో నా నీడ పడకూడదు. పైగా ఆయనకి మగపిల్లలు లేరు. తలకొరివి పెట్టాల్సినవాణ్నీ నేనే.

మా నాన్న పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు, దుర్గకి నాలుగు. పెదనాన్న ఇద్దర్నీ అవనిగడ్డ తీసుకెళ్లి తన కూతురితో పాటు పెంచాడు. "ఒరే జయకృష్ణా, నేను పోతే నిప్పు పెట్టేది నువ్వేరా" అని నాకు మీసం మొలవకముందే నా చేత సరే అనిపించుకున్నాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

దుర్గకి దొరికిన సెలవులు పదకొండు రోజులు. నాలుగేళ్ల తర్వాత వచ్చింది. ఎల్లుండి వెళ్లిపోతుంది. ఫంక్షన్ వాయిదా వేస్తే మళ్లీ ఎప్పుడో చెప్పలేదు. అప్పటికి అక్షితకి ఓణీల వయసు దాటిపోతుంది.

దారి చూపించింది నా భార్య రాజ్యలక్ష్మి.

"వింటేనే కదండీ మైల. కబురు చెవిన పడ్డ క్షణం నుంచే లెక్క. మా పిన్ని కూతురి పెళ్లిలో ఇలాగే జరిగింది. వాళ్ల బాబాయి పోయాడని తాళి కట్టాక చెప్పారు. పంతులుగారు కూడా దోషం లేదన్నారు."

అప్పటిదాకా వాడిపోయి ఉన్న దుర్గ లేచి కూర్చుంది. "నిజమా వదినా? వినకపోతే లేనట్టేనా?"

"లేనట్టే."

పది నిమిషాల్లో ఇంట్లో ఫోన్లన్నీ ఆపేసి టిఫిన్ క్యారేజీలో పెట్టారు. వంటవాళ్లతో, ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడ్డానికి మా బావ రాజేష్ డబ్లిన్ ఫోను ఒక్కటి ఉంచారు. ఆ నంబరు అవనిగడ్డలో ఎవరి దగ్గరా లేదు.

నా ఫోను నేనే ఆపి క్యారేజీ పై గిన్నెలో వేశాను. ఎవరూ లాక్కోలేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. తప్పంతా దుర్గ మీదకి నెట్టడం నాకు చాలా తేలిక.

*

ఏడున్నరకి కారెక్కాం. రాజేష్, అక్షిత ముందే ఇంకో కారులో వెళ్లిపోయారు. నేను నడుపుతున్నాను. పక్కన రాజ్యలక్ష్మి ఒళ్లో ఓణీ పళ్లెం. వెనక సీట్లో దుర్గ, పూల బుట్టల మధ్య.

పెడన మీదుగా వెళ్తే దగ్గర. కానీ పామర్రులో పూలదండలు ఎక్కించుకోవాలి. అందుకని హైవే పట్టాం. గూడూరు దాటాం. మల్లెపూల వాసన, దుర్గ రాసుకున్న సెంటు, నా కారులో ఎప్పుడూ పోని రొయ్యల మేత వాసన. మూడూ కలిసి కారంతా నిండాయి.

"ఏసీ పెంచు అన్నయ్యా. మేత కంపు కొడుతోంది."

"ఆ కంపులోనే నీ బీటెక్ అయింది."

"పొద్దున్నే మొదలుపెట్టకు."

"మొదలుపెట్టింది నువ్వు."

రాజ్యలక్ష్మి నా మోచేతి మీద గిల్లింది. నేను ఆగలేదు.

"ఎన్నిళ్లు తిరిగావు దుర్గా ఈ తొమ్మిది రోజుల్లో?"

"ముప్పై నాలుగు."

"పెదనాన్న ఇంట్లో ఎంతసేపు కూర్చున్నావు?"

ఎంతసేపో నాకు తెలుసు. నేనే తీసుకెళ్లాను. ఆ రోజు దివిసీమ వంతు. మోపిదేవిలో గుడి, చల్లపల్లిలో ఇద్దరు స్నేహితురాళ్లు, నాగాయలంకలో రాజేష్ మేనత్త, మధ్యలో పెదనాన్న. ఫోన్లో పట్టిక పెట్టుకుంది. ఒక్కో ఇంటికి పాతిక నిమిషాలు. పెదనాన్నకి కూడా పాతికే. అందులో ఏడు నిమిషాలు ఎవరో ఇంగ్లీషులో ఫోన్ చేస్తే వరండాలో మాట్లాడుతూ గడిపింది.

పెద్దమ్మ సత్యవతమ్మ పొద్దున్నే లేచి కొరమేను పులుసు పెట్టింది. దుర్గకి చిన్నప్పుడు అది లేకపోతే ముద్ద దిగేది కాదు. గిన్నె మూత తియ్యగానే దుర్గ ముక్కు దగ్గర చున్నీ పెట్టుకుంది. "తిని వచ్చాం పెద్దమ్మా, నిజంగా ఖాళీ లేదు" అంది. ఆ ఇంటి నీళ్లు కూడా తాగలేదు. తన సీసాలోవే తాగింది. బయల్దేరేటప్పుడు పెదనాన్న వణికే చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కారెక్కిన తర్వాత దుర్గ బ్యాగులోంచి చిన్న శానిటైజర్ సీసా తీసి చేతులు రుద్దుకుంది. అద్దంలోంచి ఆయన గేటు దగ్గర నిలబడి ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

"అన్నయ్యా, నేను సరదాకి తిరిగాననుకుంటున్నావా?" వెనకనుంచి దుర్గ గొంతు వేరుగా వచ్చింది. "ఒకరింటికి వెళ్లి ఇంకొకరింటికి వెళ్లకపోతే పదేళ్లు సాధిస్తారు. ప్రతి ఇంట్లో బందరు లడ్డు. ప్రతి ఇంట్లో 'ఎంత చిక్కిపోయావే'. తినకపోతే పొగరు. తింటే కడుపులో మంట. మొన్న బంటుమిల్లి దాటాక కారాపించి కాలవ గట్టు మీద వాంతి చేసుకున్నాను, తెలుసా? మళ్లీ నోరు కడుక్కుని ఇంకో ఇంటికి వెళ్లి లడ్డు తిన్నాను. తొమ్మిది రోజుల్లో ఒక్క పూట పడుకోలేదు. పెదనాన్న అయితే ఏమీ అనుకోడు అనుకున్నాను. అందరూ అనుకునేవాళ్లే. అనుకోనివాడు ఆయనొక్కడే. అందుకే ఆయన దగ్గర తగ్గించుకున్నాను. ఇంకెక్కడ తగ్గించుకోను?"

ఏడుస్తోంది. రాజ్యలక్ష్మి వెనక్కి తిరిగి టిష్యూ అందించింది. "కాటుక, కాటుక" అంది.

దుర్గ చెప్పింది నాకు అర్థమైంది. అదే నాకు మరీ వెగటు పుట్టించింది. నా షాపులోనూ అంతే. గొడవ పెట్టుకునే రైతుకి కొత్త సరుకు ఇస్తాను. నోరెత్తని రైతుని రేపు రమ్మంటాను.

పామర్రు సెంటర్లో కారాపాను. రాజ్యలక్ష్మి దండల కోసం దిగింది. కుడివైపు గుడివాడ రోడ్డు. ఎడమవైపు చల్లపల్లి రోడ్డు, అది దాటితే అవనిగడ్డ. టైము ఎనిమిదీ పది. చల్లపల్లి బస్సు ఒకటి నా కారు వెనకే హారన్ కొడుతోంది.

"ఏం ఆలోచిస్తున్నావు?" దుర్గ అడిగింది.

"ఏం లేదు."

"పోయినాయన ఎటూ పోయాడు అన్నయ్యా. మధ్యాహ్నం దాకా ఐసు పెట్టెలో ఉంచుతారు. ఇప్పుడు నువ్వెళ్లినా ఆయనకి తెలీదు. అక్షితకి మాత్రం జన్మంతా గుర్తుంటుంది."

"పోయాడని నీకెవరు చెప్పారు?"

మేమింకా వినలేదు కదా.

రాజ్యలక్ష్మి దండలతో వచ్చి కూర్చుంది. ఒక క్షణం నా చేతుల వంక చూసింది.

"కుడికి తిప్పండి" అంది.

కుడికి తిప్పాను.

*

గుడివాడ ఫంక్షన్ హాల్లో రెండొందల యాభై మందికి కుర్చీలు వేశారు. తొమ్మిదింటికే నిండిపోయాయి. పెదనాన్న ఇల్లు తప్ప మిగతా ముప్పై మూడిళ్ల వాళ్లూ వచ్చారు. దుర్గ తిరిగిన తిరుగుడు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఒక్కొక్క ఇంటి పాతిక నిమిషాలకీ ఒక్కొక్క వరస కుర్చీలు.

వేదిక మీద పూల గోడ. పొగ యంత్రం. పైన డ్రోను. ఆ డ్రోను గాలికి పంతులుగారి ఉత్తరీయం ఎగిరి ఆయన మొహానికే చుట్టుకుంది. రాజేష్ కెమెరా వాడి పక్కన నిలబడి "బావగారూ, ఓణీ ఇచ్చేటప్పుడు కొంచెం నవ్వండి, ఒకవేళ సరిగ్గా రాకపోతే ఇంకోసారి ఇద్దాం" అన్నాడు.

నిజంగానే రెండుసార్లు ఇచ్చాను. మొదటిసారి నేను కెమెరా వైపు చూడలేదట.

రెండోసారి ఓణీ భుజం మీద వేసేటప్పుడు అక్షిత తల వంచి నెమ్మదిగా అడిగింది.

"మావయ్యా, అవనిగడ్డ తాతయ్య రాలేదా? మొన్న నాకు ప్రామిస్ చేశారు. వీల్‌చెయిర్లో అయినా వస్తానన్నారు."

"వస్తారమ్మా."

"ఎప్పుడు?"

అందరూ అక్షింతలు వేశారు. నా తల మీదా, దాని తల మీదా పసుపు బియ్యం వానలా పడ్డాయి. నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. నా ఒంట్లో మైల ఉంది. అది చెవిలోంచి రాలేదు. పొద్దున ఎత్తిన చేతిలోంచి వచ్చింది.

భోజనాల దగ్గరికి వెళ్లాను. అన్నం కలిపి వదిలేశాను. చుట్టూ ప్లేట్లలో సాంబారులో కరుగుతున్న ఐస్‌క్రీం, దాని మీద గారె ముక్క, గారె మీద ఈగలు. సగం సగం తిన్న లడ్డూలు తొట్టిలోకి పారేస్తున్నారు. రాజేష్ బంధువొకాయన నా భుజం తట్టి "ఏం ఘనంగా చేశారండీ" అన్నాడు. పళ్ల సందున కొత్తిమీర ఆకు ఉంది. చెయ్యి కడుక్కుని బయటికొచ్చేశాను.

కారు డిక్కీలో టిఫిన్ క్యారేజీ ఉంది. పై గిన్నె తెరిచి నా ఫోను తీశాను. పన్నెండు కావస్తోంది. నా పని అయిపోయింది. ఇక వినొచ్చు.

ఫోను వెలిగిన వెంటనే ఆగకుండా మోగింది. భానుమతి కాల్స్ పంతొమ్మిది. వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్. పంపిన టైము ఉదయం ఐదూ ఇరవై.

"అన్నయ్యా, నాన్న లేచి కూర్చున్నారు. మాకే నమ్మకం కలగట్లేదు. కాఫీ అడిగి తాగారు. బాగా మాట్లాడుతున్నారు. నీతో ఏదో చెప్పాలంట, నీకే చెప్తారంట. ఒక్కసారి వచ్చి వెళ్లవూ? ఐదు నిమిషాలు చాలు. ఇక్కణ్నుంచి అట్నించటే గుడివాడ వెళ్లిపోవచ్చు. ఫంక్షన్‌కి ఆలస్యం కానివ్వకండి అని నాన్నే అంటున్నారు. నీ ఫోను కలవట్లేదు, తాతారావుని పంపిస్తున్నాను."

రెండోసారి విన్నాను.

ఆరున్నరకి తాతారావు తెచ్చింది చావు కబురు కాదు. బతికి ఉన్నాడనే కబురు.

లెక్క నాకు అడక్కుండానే వచ్చేసింది. ఆరున్నరకి బయల్దేరితే ఏడున్నరకి అవనిగడ్డ. ఐదు నిమిషాలు కాదు, అరగంట కూర్చున్నా ఎనిమిది. చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ తొమ్మిదిన్నర. ముహూర్తానికి గంటా పది నిమిషాల ముందే ఉండేవాణ్ని. రెండూ అయ్యేవి. ఏదీ ఒదులుకోవాల్సిన పనే లేకపోయింది.

పంతొమ్మిది కాల్సూ చూశాను. ఐదింటి నుంచి వరసగా ఉన్నాయి. చివరిది పదీ ఇరవైకి. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

*

దుర్గని వేదిక పక్కకి పిలిచాను. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. ఈసారి చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఏం వినబోతోందో తెలీదు కాబట్టి.

"కాఫీ అడిగి తాగారు" అన్న చోట దుర్గ నా చొక్కా పట్టుకుంది.

"బతికే ఉన్నాడా?"

"ఐదూ ఇరవైకి ఉన్నాడు."

"ఇప్పుడు?"

"తెలీదు. పదీ ఇరవై తర్వాత ఫోన్లు ఆగిపోయాయి."

దుర్గ కుర్చీలో కూలబడింది. ఎక్కిళ్లు వస్తున్నాయి. అప్పుడే నాగాయలంక మేనత్తగారు మనవళ్లతో వచ్చింది. "మాతో ఒక ఫొటో అమ్మాయ్, బస్సుకి టైమవుతోంది" అంది. దుర్గ లేచింది. మొహం తుడుచుకుంది. ఆ మొహం మీదకి నవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలీదు. నిండుగా, పళ్లు కనపడేలా వచ్చింది. ఫ్లాష్ వెలిగింది. మేనత్తగారు ఇంకోటి తియ్యమంది. ఇంకోసారి అదే నవ్వు.

వాళ్లు వెళ్లాక దుర్గ నా దగ్గరికొచ్చింది.

"నువ్వెళ్లు అన్నయ్యా. ఇప్పుడే వెళ్లు. వీళ్లందర్నీ పంపించి నేనొస్తా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. గొంతు తగ్గించింది. "అక్కడికెళ్లాక నాకు ఫోన్ మాత్రం చెయ్యకు. సాయంత్రం అత్తగారు వ్రతం పెట్టుకుంది. నువ్వు చేస్తే నాకు తెలిసిపోతుంది."

ఒక మాట అనబోయాను. అంటే ఆ మాట నాకూ తగులుతుంది.

రాజ్యలక్ష్మి కారు దాకా వచ్చింది. డోరు పట్టుకుని నిలబడింది.

"మన మంచికే అనుకున్నానండీ. మా పిన్ని ఇంట్లో..."

"మీ పిన్ని ఇంట్లో పోయినాయన ముందే పోయాడు" అన్నాను. డోరు వేసుకున్నాను.

*

అవనిగడ్డ చేరేసరికి ఒకటిన్నర. పెదనాన్న వీధి మలుపులోనే షామియానా కనిపించింది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఊరి పెద్దలు. నన్ను చూడగానే మాటలు ఆపేశారు. ఒక్కరూ లేవలేదు. ఒక్కరూ పలకరించలేదు.

గోడ పక్కన తాతారావు పచ్చి వెదురు నరుకుతున్నాడు. పాడె కోసం. తలెత్తలేదు.

భానుమతి గేటు దగ్గరికొచ్చింది. గేటు తియ్యలేదు. కమ్మీ మీద చెయ్యేసి నిలబడింది.

"ఫంక్షన్ బాగా జరిగిందా అన్నయ్యా?"

"భానూ..."

"అక్షింతలు తల్లోనే ఉన్నాయి. దులుపుకోలేదు."

చెయ్యి తల మీదికి పోయింది. పసుపు బియ్యం నాలుగు గింజలు గేటు కింద పడ్డాయి.

"తాతారావు ఏడున్నరకి తిరిగొచ్చాడు" భానుమతి నెమ్మదిగా చెప్పింది. ఏడుపు ఎప్పుడో అయిపోయిన గొంతు. "నాన్నతో 'వస్తున్నారండీ, వెనకే బయల్దేరారు' అని అబద్ధం చెప్పాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదంట. నాన్న గడ్డం గీయించమన్నారు. ఇస్త్రీ చొక్కా తొడగమన్నారు. 'వాడు ఫంక్షన్‌కి వెళ్లేవాడు, రోగిష్టి మొహం చూసి వెళ్లకూడదు' అన్నారు. కుర్చీ గేటు వైపు తిప్పించుకున్నారు. మూడు గంటలు అలాగే కూర్చున్నారు."

"నాకేం చెప్పాలనుకున్నాడు?"

"నీకే చెప్తానన్నారు. నాకు చెప్పలేదు."

"నన్ను లోపలికి రానివ్వు భానూ. పెదనాన్న..."

"నాన్నకేమైందని నీకెవరైనా చెప్పారా?"

షామియానా కింద ఎవరో దగ్గారు.

"లేదు" అన్నాను.

"మరి నీకింకా మైల లేదు. నేనూ చెప్పను. ఇక్కడెవరూ చెప్పరు, అందరికీ చెప్పి ఉంచాను. కారు తిప్పుకుని వెళ్లు. ఇంకా ఫొటోలు మిగిలుంటాయి."

"తలకొరివి నేను పెట్టాలి. పెదనాన్నకి మాటిచ్చాను."

"నేను పెడుతున్నాను. పంతులుగారితో మాట్లాడాను. మూడింటికి లేపుతున్నాం. మీరే కదా, మూడు దాటాక చెప్పమన్నది."

ఆమె చెప్పిందాంట్లో ఒక్క అంకె కూడా తప్పు లేదు.

లోపల, నడవా చీకట్లోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. కళ్లు సరిగా కనపడవు ఆమెకి.

"భానూ, ఎవరే గేటు దగ్గర?"

భానుమతి నా మొహంలోకి చూస్తూనే సమాధానం చెప్పింది.

"ఎవరో మేత షాపాయనమ్మా. నాన్న కోసం వచ్చాడు."

వెదురు మీద కత్తి పడటం ఆగిపోయింది.

"అంత దూరం నుంచి వచ్చాడేమో పాపం. నిలబెట్టి ఏం చేస్తావే?" అంది పెద్దమ్మ. "పదిన్నరకి పోయారని చెప్పు."

విన్నాను.

భానుమతి కూడా విన్నది. గేటు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.